తెల్లకోటు మీద మచ్చలు

మా కోడలు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని ఆసుపత్రి నర్సులకు తెల్లకోట్లు కుడుతుంది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసే పని నాది. నా ఉతుకుడుకు ఈ వీధిలో పేరుంది. ఆ పేరు మోసుకు తిరిగేది కూడా నేనే అనుకోండి.

తనకు ఎనిమిదో నెల. సోమవారం ఒక కోటు తెచ్చి నా ముందు పెట్టింది.

"అత్తయ్యా, భుజం దగ్గర నల్లమచ్చలు పోలేదు, చూడండి."

నాకేమీ కనబడలేదు. అరవై దాటిన కళ్ళు కదా అని మళ్ళీ ఉతికాను. మంగళవారం అదే కోటు, అవే మచ్చలు.

"సబ్బు మార్చి చూడండత్తయ్యా."

ఇరవయ్యేళ్ళుగా నమ్ముకున్న సబ్బు! ఆ కోపమంతా కోటు మీద తీర్చుకున్నాను. తను తలనొప్పని పడుకుంది. కాళ్ళూ, మొహమూ ఉబ్బి ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు మామూలే అన్నాను. ఆ వారం బీపీ చూపించుకోమని డాక్టరు రాసిచ్చిన చీటీ ఫ్రిజ్ తలుపుకే ఉంది. కోట్లు అప్పజెప్పాక వెళ్దామనుకున్నాం.

బుధవారం కోట్ల కోసం నర్సు వచ్చింది. మొదట ఆ కోటే చేతిలో పెట్టాను.

"నువ్వు చెప్పమ్మా, దీనిమీద మచ్చ ఉందా?"

"పాలలా ఉంది పెద్దమ్మా."

గెలిచాననుకుని, కోటు వెనక్కి తీసుకుని కోడలి వైపు తిరిగాను. "విన్నావా?"

తను కోటు చూడటం లేదు. "ఇప్పుడు గోడమీద కూడా ఉన్నాయత్తయ్యా. మీ మొహం మీద కూడా."

నర్సు నవ్వు ఆగిపోయింది. వంగి కోడలి చీలమండ మీద వేలితో నొక్కింది. సొట్ట పడి, అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"మూడు రోజులు," అన్నాను. ఉతుకులు లెక్కపెట్టుకున్నాను కాబట్టి తెలుసు.

ఆసుపత్రిలో బీపీ నూట ఎనభై దాటింది. కళ్ళు పరీక్షించిన డాక్టరమ్మ మా అబ్బాయిని పిలిచింది. "బీపీ వల్ల కంటి వెనక పొర కింద నీరు చేరింది. తల్లికీ బిడ్డకీ ప్రమాదం. ఇప్పుడే ఆపరేషన్ చేసి బిడ్డను తియ్యాలి. చూపు చాలామందికి తిరిగొస్తుంది."

చాలామందికి. అందరికీ అనలేదు.

స్ట్రెచర్ మీద కోడలు నా చెయ్యి వెతుక్కుంది.

"కరెంటు పోయిందా అత్తయ్యా?"

మిట్టమధ్యాహ్నం. నెత్తిమీద వరసగా ట్యూబులైట్లు.

"పోయిందమ్మా. వచ్చేస్తుంది."

తలుపులు మూసుకున్నాయి. చూసుకుంటే చంకలో ఆ కోటు అలాగే ఉంది. వెలుతురులో విప్పి, జానెడు జానెడుగా వెతికాను. ఒక్క మచ్చ, ఒకే ఒక్కటి కనబడితే చాలనుకున్నాను.

పాలలా ఉంది.