జరీ తోకల చుక్కలు

అయినా ఆ కొన లోపలికి పోయేదే కదా, కట్టుకునేటప్పుడు నడుము దగ్గర దోపితే ఎవరికీ కనిపించని కొన, ఆ మూల మూరెడు అంచు లేకపోతే చీర చీర కాకుండా పోతుందా, అని స్వరూప తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. పోయిన క్రిస్మస్‌కు ముందు ఒక మధ్యాహ్నం కత్తెర పట్టుకుని చెప్పుకున్న మాటే అది. ఏడాదిగా దానికి ఇంకో మాట తోడు రాలేదు. ఇప్పుడది ఎవరినీ ఒప్పించేలా లేదు, ఆమెను కూడా. తలుపు సందులోంచి వచ్చే గాలిలా ఊరికే వినపడుతుంది.

చేతులు మాత్రం పనిలోనే ఉన్నాయి. గద్వాలలో వాళ్ల ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన పాత కుట్టుమిషను బల్ల. దాని మీద పెళ్లిపత్రికల దళసరి అట్టలు, చమ్కీలు పోసిన మూత, పురికొస ఉండ, గుండీలు, పత్తి ఏరిన తర్వాత చేలో మిగిలిపోయే కాయ డొప్పలు. ఎండిన డొప్పను నాలుగు రేకులుగా విడదీసి అట్ట మీద అతికిస్తే పువ్వవుతుంది. కాస్త దూదిని వేళ్ల మధ్య నలిపి పెడితే గొర్రెపిల్లవుతుంది. క్రిస్మస్‌కు చేసే కార్డుల్లో గొర్రెపిల్లలే ఎక్కువ. లోపలి పేజీలో ఆమె ఏమీ రాయదు. కొన్నవాళ్లు రాసుకుంటారు.

వనపర్తిలో ఫ్యాన్సీ కొట్టు నడిపే నవ్య ఆ పొద్దున కార్డుల కోసం బస్సు దిగి వచ్చింది. చెప్పులు విడవకముందే మాట్లాడడం మొదలుపెట్టింది.

"అక్కా, జరి తోక చుక్కలేవి? పోయినేడు గవే ముందుగాల అమ్ముడుపోయినయ్. నాగర్‌కర్నూల్ నుంచి ఒకామె ఫోన్ మీద ఫోన్ జేస్తుంది, గసొంటియే కావాల్నంట."

"జరి దొరకలే నవ్యా," అంది స్వరూప, డొప్ప మీద జిగురు రాస్తూ.

"గద్వాలల జరి దొరకలేదంట! ఇన్నవా అవ్వా, నీ కోడలు ముచ్చట?"

గోడవారన మంచం మీద కూర్చున్న జమ్ములమ్మ తల తిప్పింది. కంటి పొర తీయించుకుని వచ్చినప్పటి నుంచి ఆమె ముఖానికి పెద్ద నల్లద్దాలు ఉన్నాయి, వాటిలోంచి ఇంకా అంతా మసకే. రేపు పొద్దున వాటిని తీసేయవచ్చని డాక్టరు చెప్పాడు.

"జరి సంగతి తర్వాత. నేను హీరోలెక్క ఉన్ననా లేదా, ముందు గది జెప్పు."

"హీరో గాదవ్వా, విలన్‌లెక్క ఉన్నవ్."

"ఉండనీ. విలన్‌కే అందరు భయపడ్తరు." ముసలామె నవ్వి, చెయ్యి చాచి గోడను తడిమింది. మంచానికి పైన మేకుకు ఒక కార్డు వేలాడుతోంది. చమ్కీల చుక్క, ఆ చుక్కకు జానెడు జరీ తోక. పక్కన జిగురు మరక పడిందని పోయినేడు స్వరూప అమ్మకుండా పక్కన పెట్టేస్తే, జమ్ములమ్మే అడిగి గోడకు కట్టించుకుంది. "గిదొక్కటి ఉంది సూడు. గాని ఇయ్య. దీని జరి మంచిది. చేతికి తెలుస్తది. ఇప్పటి జరి గోకుతది పిల్లా, గిది గోకదు."

ఆమె వేలు తోక పొడవునా మెల్లగా పైకీ కిందికీ పోయింది. స్వరూప ఆ వేలినే చూస్తోంది. జిగురు సీసా వంగిపోయి అట్ట మీద కోడిగుడ్డంత మడుగు కట్టింది.

"అక్కా, జిగురు!" అని నవ్య అరిచింది.

నవ్య ఉన్న కార్డులన్నీ సంచిలో సర్దుకుని, సాయంత్రం బస్సుకు తిరిగి వస్తానని, అంతలో జరి ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమని చెప్పి, బజారు పనికి వెళ్లింది. ఇల్లు సద్దుమణిగింది.

"సందుగ దించు స్వరూపా," అంది జమ్ములమ్మ, అటక మీది పెట్టె వైపు చెయ్యి చూపి. "రేపు అద్దాలు తీస్తనే ముందుగాల నా చీర జూసుకుంట. రెండేండ్లాయె దాన్ని ఎండకెయ్యక. పోయినేడు నేను మానవపాడుల బిడ్డ కాన్పుకు పోతి, గా తర్వాత కండ్లు కానరాకపాయె."

"దించుతా అత్తా. పని కానీ అత్తా."

జమ్ములమ్మ ఆ గొంతు వైపు తల తిప్పింది. "ఈ నడుమ నువ్వు మాటకు రెండుసార్లు అత్తా అంటున్నవ్. ఏమైంది పిల్లా? నా కొడుకు గిట్ల ఏమన్నడా ఫోన్ల?"

"ఏం లేదు."

నిజమే, ఈ మధ్య ఆమె అత్తకు చాయ్ అడగకముందే ఇస్తోంది. కంట్లో చుక్కల మందు వేసేటప్పుడు గడ్డం కింద చెయ్యి పెట్టి, పసిపిల్లకు వేసినట్టు వేస్తోంది. ఒళ్లు నొప్పులంటే నూనె వెచ్చబెడుతోంది. ఇదంతా ప్రేమేనా అని తనను తాను అడుగుతుంది. కొంత ప్రేమే. మిగతాది ఏమిటో ఆమెకు తెలుసు. తప్పు చేసిన చెయ్యి ఊరికే ఉండలేక ఏదో ఒక పని వెతుక్కుంటోంది. విచిత్రమేమిటంటే ఆ మిగతాదాని వల్లే అత్తాకోడళ్లు ముందెన్నడూ లేనంత దగ్గరయ్యారు. ఈ దగ్గరితనం కూడా ఆ మూరెడు జరీలోంచి కత్తిరించుకున్నదే అనిపించి, ఒక్కోసారి చాయ్ గ్లాసు అందిస్తూ అందిస్తూ ఆగిపోతుంది.

పోయినేడు కత్తెర పట్టిన ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. జమ్ములమ్మ కూతురి దగ్గర ఉంది. భర్త విజయ్ పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, పండుగకు గాని రాడు. నవ్య ఆర్డరు చెప్పింది, చుక్కలకు తోకలు కావాలి, దర్జీ దగ్గర దొరికే అంచు ముక్కలు అయిపోయాయి. పాత బట్టలేమైనా ఉంటాయేమోనని స్వరూప అటక మీది సందుగ దించింది. అడుగున, వార్తాపత్రికలో చుట్టి, ఎండిన వేపాకు మధ్య ఒక తెల్లచీర. నూలు ఒడలు, సన్నని పట్టు అంచు, అంచు నిండా పాత జరీ. వెలిసిపోలేదు, నల్లబడలేదు. కిటికీలోంచి వచ్చిన వెలుగు దాని మీద పడి కదలకుండా నిలిచింది.

తెలకపల్లిలో ఆమె పెరిగిన ఇంట్లో తెల్లచీరకు ఒకటే అర్థం. చిన్నాయన పోయినప్పుడు చిన్నమ్మ పుట్టింటివాళ్లు తెచ్చి ఒడిలో పెట్టిన చీర. దాన్ని చూసి పిల్లలు పక్కకు తప్పుకునేవాళ్లు. విజయ్‌ను చేసుకుని ఈ ఇంటికి వచ్చాక, చర్చిలో తెల్లచీరల పెళ్లికూతుళ్లను ఎందరినో చూసింది. తన పెళ్లి మాత్రం రిజిస్ట్రారు ఆఫీసులో పచ్చచీరతో జరిగింది. చూసినవన్నీ కళ్లలో ఉన్నాయి, లోపలి అర్థం మాత్రం చిన్నమ్మ దగ్గరే ఆగిపోయింది. మామ పోయినప్పుడు ఎవరో పెట్టి ఉంటారు, అత్త కట్టుకోలేక దాచేసి ఉంటుంది, ఇంకెవరు కడతారు దీన్ని, అనుకుంది. కత్తెర ఆగలేదు. పాత జరీ తెగేటప్పుడు ఉప్పు నలిగినట్టు ఒక సన్నని చప్పుడు. ఆ చప్పుడు ఆమెకు నచ్చింది కూడా.

ఆ మూరెడును సన్నని పట్టీలుగా చీల్చి అతికిస్తే చుక్కలు మెరిశాయి. నవ్య కొట్టులోంచి అవి ఎక్కడెక్కడికో పోయాయి. ఎవరి గోడల మీదో, ఎవరి పుస్తకాల మధ్యో ఉండి ఉంటాయి. పండుగ అయ్యాక కొన్ని చెత్తలోకి కూడా పోయి ఉంటాయి.

మొన్న వానాకాలంలో వాళ్ల వాడలోనే ఎంకమ్మ అనే ముసలామె చనిపోయింది. అంతవరకు చావు ఇళ్లలో గుమ్మం దాటి లోపలికి పోవడం స్వరూపకు అలవాటు లేదు. ఆ రోజు మనుషులు తక్కువయ్యారని వాడలోని బాలమణి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఎంకమ్మ మనవరాలు పెట్టె తీసి తెల్లచీర బయటికి తెచ్చింది. ఎంకమ్మ పెళ్లిచీర. ఆ వాడలో ఆడవాళ్లు చర్చిలో పెళ్లి ప్రమాణం చేసిన చీరను మళ్లీ కట్టరు. దాచిపెడతారు. పోయిన రోజు అదే చుట్టి పంపుతారు. చుట్టేముందు నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలలు పట్టుకుని, మనిషి మీద పందిరిలా పరిచి పట్టి, ప్రార్థన అయ్యేదాకా నిలబడతారు. మూల పట్టడానికి ఒకరు తక్కువై, ఆ నాలుగో మూల స్వరూప చేతికి వచ్చింది.

ఎదుటి మూల జమ్ములమ్మది. సరిగా కనిపించని కళ్లతో చీర అంచును తడుముతూ అంది: "ఎంకమ్మ మంచిగ దాసుకుంది, ఏడ చిరగలే. నాది గూడ ఉంది. కెనాల్ల మట్టి మోసి మోసి కొనుక్కున్న. నేను పోయిన నాడు మీకు ఎతుకులాట ఉండదు."

ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. "నీకిప్పుడేం తొందర?" అంది బాలమణి. స్వరూప తన చేతిలోని మూలను చూసింది. అంచు, జరీ, మడత, అన్నీ సరిగ్గా ఉన్న మూల. రేపు ఇంకో చీరకు ఇదే చోట ఎవరో నిలబడతారు. వాళ్ల చేతికి దారప్పోగులు తగులుతాయి.

ఆ రోజు ఇంటికి వచ్చి విజయ్‌కు ఫోన్ చేసి చెప్పింది. అటువైపు కాంక్రీటు మిక్సర్ చప్పుడు. "గంతేనా? నేనేమో ఏమైందో అని పరేషాన్ అయితి. గద్వాలల చీరలకు కరువా? గసొంటిదే ఒకటి కొని పెట్టెల పెట్టు. అమ్మకేం తెలుస్తది కండ్లు కానరాక," అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది, కానీ ఆ మాటే పట్టుకుని బజారుకు పోయింది. తెల్ల నూలుకు జరీ అంచు ఉన్న ముక్క ఒకటి తెచ్చి, తలుపు వేసుకుని, తెగిన చోట ఆనించి చూసింది. కొత్త జరీ పసుపచ్చగా ఎగిసింది. పాతది తేనెలా ఉంది. ఎంత సన్నగా కుట్టినా అక్కడ ఒక అబద్ధం ఉందని చిన్నపిల్ల కూడా చెప్పేస్తుంది. కుట్టలేదు. చీరను మళ్లీ మడిచి, తెగిన మూల అన్నిటికన్నా లోపలి మడతలోకి పోయేలా సర్ది, సందుగలో పెట్టింది. ఆ మడత వేయడం ఆమె చేతులకు ఎంతో బాగా వచ్చింది.

తెలియక చేశానని చెప్పవచ్చు. నిజంగానే తెలియదు. కానీ స్వరూప ఆ మాటను ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చి మింగేసింది, ఎందుకంటే దాని కింద ఇంకొకటి కదులుతోంది. ఆ చీర చుట్టూ వేపాకు ఉంది. ఎండినదే అయినా ఏళ్లనాటి ఆకు కాదు, ఎప్పటికప్పుడు మార్చిన ఆకు. కట్టనని పక్కన పడేసిన చీరకు ఎవరూ వేపాకు మార్చరు. అది ఎవరికో ప్రాణమని ఆమె చేతికి ఆ క్షణంలోనే తెలుసు. మానవపాడుకు ఒక్క ఫోన్ చేస్తే, "అత్తా, గీ తెల్లచీర ఏంది?" అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడిగితే వద్దంటుంది. అందుకే అడగలేదు. చిన్నమ్మ, తెల్లరంగు, మామ చావు, అవన్నీ తర్వాత అమర్చుకున్నవి, డొప్పల మీద చమ్కీలు అతికించినట్టు.

మరి ముసలామెకు? ఆమె వేలికి తెలియదా? గోకదు అంటున్నప్పుడు ఆమె ఎవరికి చెబుతోంది, నవ్యకా? తెలిసి ఊరుకుందా? లేక తన చీర జరీ లాంటిదే ఎక్కడో ఇంకొకటి ఉందని మురిసిపోయి, పొద్దున్నే ప్రార్థన చేసుకుంటూ దాన్ని నిమురుతోందా? రెండోదే నిజమైతే అది మొదటిదానికన్నా భరించడం కష్టం.

"స్వరూపా," అని మంచం మీంచి పిలుపు. "పని కాలేదా?"

"అయింది."

"నువ్వు దించకుంటే నేనే స్టూలెక్కుత. రేపు కండ్లొస్తున్నయ్, ఇయ్యాల కాలు ఇర్గగొట్టుకుంట, గంతే గదా."

స్వరూప నవ్వింది. రేపు పొద్దున ఆ కళ్లు తెరుచుకుంటాయి. చీరను ఎండలో దండెం మీద పొడుగ్గా వేస్తారు. తెగిన మూల దానంతట అది కనబడుతుంది, అప్పుడు తాను వంటింట్లో ఏదో గిన్నె తోముతూ ఉంటుంది. ఎలుక కొరికిందేమో అని ఎవరో అంటారు. తాను కాదనకుండా ఉంటుంది. ఆ క్షణం ఎంత తేలికగా జరిగిపోతుందో ఆమె స్పష్టంగా చూడగలిగింది. అదే ఆమెను కుర్చీలోంచి లేపింది.

స్టూలు ఎక్కి సందుగ దించింది. మూత తెరవగానే వేపాకు వాసన గదంతా నిండింది. మంచం మీద జమ్ములమ్మ ఆ వాసనకు వెన్ను నిటారుగా చేసి, చేతులు తుడుచుకుని, ఒళ్లో చోటు చేసుకుని కూర్చుంది. స్వరూప కాగితం విప్పింది. మడతల లోపలి మూల ఎక్కడుందో వెతకనక్కరలేదు. చీరను నేల మీది చాప మీద పూర్తిగా విప్పి, మళ్లీ మొదటి నుంచి మడత పెట్టింది. ఈసారి తెగిన మూల పైకి వచ్చింది. దారప్పోగులు లేచి ఉన్నాయి.

గోడ మేకు నుంచి జిగురు మరక ఉన్న కార్డును కూడా తీసి చీర మీద పెట్టింది. రెండూ కలిపి ముసలామె ఒళ్లో ఉంచి, మంచం పక్కన నేల మీద చతికిలబడి, ఒక్కసారే "అత్తా" అంది.

నల్లద్దాల వెనక జమ్ములమ్మ ఎటు చూస్తోందో తెలియలేదు. స్వరూప ఆమె కుడిచేతిని పట్టుకుని, చూపుడు వేలిని తెచ్చి, అంచు ఆగిపోయిన చోట పెట్టింది.