వదినకు బండి నేర్పడం

కట్టుడు పళ్ళు చేసేవాడికి బతుకు మీద విరక్తి పుట్టింది. అన్నయ్య పోయాక మొదలైంది ఇది. నవ్వుతూ బజారుకెళ్ళిన మనిషి అక్కడే కుప్పకూలిపోయాడు.

కొన్నాళ్ళకు తమ్ముడు మైనంలో పళ్ళ వరుస పేరుస్తూ మధ్యలో ఆగిపోయాడు. ఈ పళ్ళు కట్టించుకుంటున్న ముసలాయన వీటితో ఎన్నాళ్ళు నములుతాడు? నమిలి ఏం సాధిస్తాడు? ప్రశ్న పళ్ళతో ఆగలేదు. లేవడం, స్నానం, అన్నం, అన్నిటినీ పట్టుకుంది. పని మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య బతిమాలింది, కసిరింది, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. మాత్రలకు నిద్ర పట్టింది గానీ ప్రశ్న పోలేదు.

ఒక ఉదయం వదిన వచ్చింది. కూర్చోను కూడా లేదు.

"మీ అన్నయ్య స్కూటరు తుప్పు పడుతోంది. నాకు నేర్పు."

"నేనా? ఇప్పుడా?"

"పడుకోవడమేగా నీ పని! అది సాయంత్రం చేసుకో."

వంటింట్లో అతని భార్య కిసుక్కున నవ్వింది.

మూతపడిన ఫ్యాక్టరీ ముందు ఖాళీ రోడ్డుంది. యాభై దాటిన వదిన బండెక్కి ఒక్కసారిగా ఆక్సిలరేటరు తిప్పేసింది. అతను వెనక కడ్డీ పట్టుకుని పరుగు లంకించుకున్నాడు.

"బ్రేకు! బ్రేకు వదినా!"

ఆవిడ హారను కొట్టింది. ఇద్దరూ పొదల్లో పడ్డారు. మోచెయ్యి గీరుకుపోయిన వదిన, మొగుడు పోయిననాడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, అక్కడే కూర్చుని భోరుమంది.

కాసేపటికి అతనన్నాడు: "ఇదంతా ఎందుకు వదినా? నాకు దేనికీ అర్థం కనబడ్డం లేదు."

"నాకు కనబడుతోందా?" ఆవిడ ముక్కు తుడుచుకుంది. "తెలిస్తే నీకు చెప్పనా? ఒక్కదాన్నీ ఆ ఇంట్లో ఉండలేక వచ్చాను. బండి ఒక వంక."

ఇన్నాళ్ళూ ఆ చీకట్లో తానొక్కడే ఉన్నాననుకున్నాడు అతను. రుమాలు తీసి ఆవిడ మోచేతి మట్టి తుడిచాడు.

"రేపు కూడా వద్దాం," అన్నాడు.

రోజూ వెళ్ళారు. ప్రశ్న ఎక్కడికీ పోలేదు. కాకపోతే పొద్దున్నే వదిన ఎక్కడ పడుతుందోనన్న బెంగ దానికన్నా ముందు నిద్ర లేచేది. ఆ బెంగతోనే మంచం దిగేవాడు.

ఒకనాడు వదిన, "వెనకెక్కు," అంది. ప్రాణాలు అరచేత పెట్టుకుని ఎక్కాడు. బండి అతని పనిచోటు వైపు తిరిగింది.

"అటు వద్దు వదినా, ఇవాళ కాదు."

"నాకింకా వెనక్కి తిప్పడం రాదు నాయనా. గట్టిగా పట్టుకో!"

అతను నవ్వాడు. ఆ రోజు దుమ్ము దులిపి, ఆగిపోయిన పళ్ళ వరుస పూర్తిచేశాడు.

బతుక్కి అర్థం అతనికి తరువాతా దొరకలేదు. కొన్ని ఉదయాలు మళ్ళీ గోడవైపే తిరిగేవాడు. అప్పుడు వదినకు ఫోను వెళ్ళేది. ఆవిడకు అలాంటి రోజొస్తే అతనికి వచ్చేది.

"ఇద్దరికీ ఒకేసారి వస్తే?" అని భార్య అడిగింది.

"నువ్వున్నావుగా," అన్నారిద్దరూ.

"బాగానే ఉంది సంబడం! రేపట్నుంచి నాకూ బండి నేర్పండి," అందామె.