వరహాలు చూసుకున్న అద్దాన్ని

నేను ఒక చేతి అద్దాన్ని. అరచేయంత గుండ్రటి గాజు, దాని చుట్టూ లక్క పూసిన చెక్క చట్రం, పట్టుకోవడానికి ఓ పిడి. అంతే నా వైభవం. ఒకప్పుడు ఎరుపూ పసుపూ రంగులతో నిగనిగలాడేదాన్ని. ఇప్పుడు లక్క అక్కడక్కడా పెచ్చులూడింది, గాజు అంచుల్లో నల్ల మచ్చలు లేచాయి. చదువంటారా, అది నాకు అబ్బలేదు. ఏ అక్షరం నా ముందుకొచ్చినా అటుది ఇటు తిరిగిపోతుంది, ఇంకేం చదువుతాను? కానీ చూసిందేదీ మరచిపోను. మనిషి పక్కకి తప్పుకోగానే అద్దంలో మొహం చెరిగిపోతుందని అనుకుంటారు మీరు. ఎంత అమాయకులమ్మా!

నేను పుట్టింది ఏటికొప్పాకలో. అప్పలాచారి అనే ఆయన అంకుడు కర్రని మర మీద తిప్పుతూ లక్క కడ్డీ అదిమి పట్టేవాడు. ఆ రాపిడికి లక్క కరిగి కర్రని అంటుకునేది. మొగలాకుతో రుద్దితే మెరుపొచ్చేది. పిడిని మటుకు పదిసార్లు అరచేతిలో పెట్టుకుని చూసుకున్నాడు. "ఆడకూతురు పట్టుకునే వస్తువు, ఒత్తుకోకూడదు" అనేవాడు. తీరా అనకాపల్లి జాతరలో నన్ను కొన్నది ఎవరు? ఇంతేసి మీసాలున్న మగవాడు!

ఆయన పేరు తాతబాబు. పగలు పొలం దున్నేవాడు, రాత్రిళ్ళు వీధి నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడు. పెట్రోమాక్సు దీపం పక్కన నన్ను ఆనించి, మీసం గొరిగి, మొహానికి అర్దళం రంగు పూసి, కాటుక దిద్దుకుంటుంటే, నా కళ్ళ ముందే రైతు కాస్తా రాణి అయిపోయేవాడు. ఆటంతా అయ్యాక ఆ రాణి బీడీ ముట్టించుకునేది. మనుషుల మొహాలని నమ్మకూడదని నేను నేర్చుకున్నది అక్కడే.

తాతబాబుకి ఒక్కతే కూతురు, వరహాలమ్మ. ఇంట్లో అందరికీ వరహాలు. బెల్లం వ్యాపారం చేసే కన్నంనాయుడితో పెళ్ళయినప్పుడు, తండ్రి గుర్తుగా నన్ను పెట్టెలో పెట్టుకుని అత్తారింటికి తెచ్చుకుంది. కొన్నాళ్ళు బొట్టు పెట్టుకుంది నాలో చూసుకునే. తరవాత నిలువుటద్దం ఉన్న బీరువా వచ్చింది. ఇంకేముంది, నన్ను పెరట్లో స్నానాలగది గోడకి బయటివైపు కొట్టిన మేకుకి తగిలించారు. కన్నంనాయుడు గడ్డం గీసుకోవడానికి పనికొచ్చాను. ఆయన చెంపలకి సబ్బు నురగ, నా చెంపకి నీళ్ళ చుక్కలు. అలా గడిచిపోయింది కాలం.

మనుషుల సంగతి నాకు భలే వింత. రోజుకి ఎన్నిసార్లు మొహం చూసుకుంటారో లెక్కే లేదు. మెడ కింద నుంచి ఉన్న ఒళ్ళంతా మటుకు పొరుగూరి చుట్టంలా ఉండిపోతుంది. వరహాలు అయితే మరీను. "ఒంటి మీద నూలుపోగు లేకుండా నీళ్ళు పోసుకోకూడదే" అని వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పింది. ఏభై దాటినా ఆ మాట దాటలేదు. పాత చీర ముక్క చుట్టుకునే స్నానం, ఆ గుడ్డ తడి పిండకముందే పొడి చీర. మధ్యలో ఒళ్ళు ఎవరికీ కనిపించదు, తనకి కూడా.

ఆ చీకటి చోటే ఒకనాడు మొరాయించింది. దురద. కూర్చోనివ్వదు, నిద్ర పోనివ్వదు. వేడి చేసిందనుకుంది. సబ్జా గింజలు తాగింది, మజ్జిగ తాగింది. తగ్గకపోతే వేపాకులు మరిగించి ఆ నీళ్ళు పోసుకుంది, పసుపు రాసింది, డెటాల్ కలిపిన నీళ్ళతో కడిగింది. స్నానాలగదిలోంచి పళ్ళు బిగబట్టి మూలిగిన చప్పుడు గోడ ఇవతల నాకు వినిపించేది. మంట ఇంకా రేగింది. నాయుడు పక్కన పడుకోవడం మానేసి వసారాలో చాప వేసుకుంది. "ఉక్కగా ఉంది" అంది. పుష్యమాసంలో ఉక్కేమిటో ఆయన అడగలేదు. మర్నాడు గడ్డం గీసుకుంటూ చాలాసేపు నాలోకి చూస్తూ నిలబడిపోయాడు. తనలో తప్పేముందో వెతుక్కుంటున్నట్టు.

చివరికి ఎవరికీ చెప్పకుండా ఒక్కతే టౌనుకి వెళ్ళి డాక్టరమ్మకి చూపించుకుంది. ఇంటికొచ్చి, పెరట్లో నా ముందు నిలబడి, చేతిలో మందు గొట్టం పట్టుకుని, తనలో తను గొణుక్కుంది. "తెల్లబడిందట. బతికున్నన్నాళ్ళూ ఉంటాదట." డాక్టరమ్మ ఇంకా చాలా చెప్పే ఉంటుంది. కానీ ఈ రెండు మాటలూ చెవిన పడ్డాక మిగిలినవి వినే ఓపిక ఎవరికుంటుంది? తెలుపంటే వరహాలుకి తెలిసినవి రెండే రోగాలు. ఒకటి బొల్లి, రెండోదాని పేరు పలకడానికే భయం. రెండూ అంటుకుంటాయనే ఆమె నమ్మకం.

ఆ రోజునుంచి తన సబ్బు వేరు, తన తుండు వేరు, తన పీట వేరు. మందు రాసుకునేది మళ్ళీ ఆ తడిగుడ్డ చుట్టుకునే, దీపం ఆర్పేసి, కళ్ళు మూసుకుని. దేవుడికి దండం పెట్టేటప్పుడు కూడా అంత గట్టిగా మూసుకోదు.

అలాంటి సమయంలో కూతురు లోవకుమారి పురిటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చారు. మా వైపు పసిబిడ్డకి నీళ్ళు పొయ్యాలంటే అమ్మమ్మే పొయ్యాలి. చిన్నపీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, బిడ్డని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకోవాలి. ఒంటికి ఒళ్ళు ఆనితేనే బిడ్డకి భయం తీరుతుందంటారు.

వరహాలు కాగు కింద మంట పెట్టింది, నూనె గోరువెచ్చ చేసింది, సున్నిపిండి కలిపింది. పీట దగ్గరికి మటుకు రాలేదు.

"మోకాళ్ళు సలుపుతున్నాయే, నా వల్ల కాదు" అంది.

ఆ పని పక్కింట్లో ఉండే ఆడపడుచు నూకరత్నం మీద పడింది. నూకరత్నం నాయుడికి అక్క. మనిషి సన్నం, నోరు పెద్దది. "నావి కాళ్ళేటే, ఎండుకట్టెలు! నా మీద పండబెడితే గుంట వీపు గీరుకుపోద్ది" అంటూనే రోజూ పోసింది. వరహాలు దూరంగా నిలబడి చెంబులు అందించింది. బిడ్డ ఏడిస్తే చేతులు ముందుకొచ్చేవి, మళ్ళీ వెనక్కి పోయేవి. పసిదాన్ని ఒక్కసారి ఎత్తుకోలేదు. ముద్దు పెట్టుకోలేదు. ముందుకొచ్చిన ఆ చేతుల్ని నేను చూశాను, ఇంకెవరూ చూడలేదు.

లోవ మాత్రం దాన్ని వేరేలా అర్థం చేసుకుంది. ఒకరోజు బిడ్డని తుండులో చుడుతూ, తల ఎత్తకుండానే అంది. "ఆడపిల్లని కదా కన్నాను. మగపిల్లాడైతే నీ మోకాళ్ళకి నొప్పి ఉండేది కాదులే అమ్మా. రేపు మా అత్తగారికి ఫోను చేస్తాను. నన్ను తీసుకుపొమ్మంటాను."

వరహాలు మొహం అప్పుడు ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నూకరత్నం పీట మీంచి లేచి, తడిచీరతోనే వెళ్ళి తలుపు తట్టింది.

"ఏటే వరాలూ, తలుపు తీ. ఇన్నాళ్ళూ సూత్తన్నాను. సబ్బు దాసుకుంటన్నావు, పీట దాసుకుంటన్నావు. ఏటైనాది నీకు?"

తలుపు సందులోంచి ఏడుపుతో కలిసి మాట వచ్చింది. అంటుకుంటుందనీ, తనకి తెల్లరోగం వచ్చిందనీ, అదీ ఎక్కడో చెప్పుకోలేని చోటనీ, బిడ్డకి తన కాళ్ళ మీద నీళ్ళు పోస్తే బిడ్డ ఒళ్ళు నాశనమవుతుందనీ.

నూకరత్నం తలుపుకి చెవి ఆనించి అంతా విన్నది. తరవాత అంది. "డాట్రమ్మ అంటుకుంటాదని సెప్పినాదా?"

"అడగలేదు వదినా."

"ఓసి నీ తెలివి తెల్లారా! పద, చీర మార్చు."

ఆ సాయంత్రం ఇద్దరూ టౌనునుంచి తిరిగొచ్చేసరికి నూకరత్నం నోరు మామూలుగానే ఉంది. పెరట్లో నిలబడి, లోపలున్న లోవకి వినపడకుండా గొంతు తగ్గించాననుకుని, వీధి చివరికి వినపడేలా వరహాలుకి మళ్ళీ అప్పజెప్పింది. డాక్టరమ్మ చెప్పిందట, ఇది బొల్లి కాదు, ఆ రెండోదీ కాదు. ఒకరినుంచి ఒకరికి రాదు, మొగుడికి రాదు, బిడ్డకి రాదు. మనల్ని కాపాడాల్సిన బలమే దారి తప్పి మన చర్మం మీద పడుతుందట. పూర్తిగా పోదు కానీ, మందు సరిగ్గా రాస్తే అణిగి ఉంటుంది. వేపాకు నీళ్ళూ, డెటాలూ, సబ్బూ అక్కడికి తగలకూడదు. అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి, పుండో గడ్డో కనిపిస్తే వెంటనే రావాలి.

"మందు రాసినా తగ్గలేదంటే ఏటన్నాదో గుర్తుందా? 'చూసి రాస్తున్నారా?' అన్నాది. నువ్వేటన్నావు? 'చూడ్డమేటమ్మా, సిగ్గులేకుండా!' అన్నావు." నూకరత్నం నవ్వాపుకోలేకపోయింది. "మరి రాసింది తొడకే! రోగం ఒకచోట, మందు ఇంకోచోట! మా తమ్ముడు బెల్లం ఒకరికి తూచి ఇంకొకరింటికి పంపినట్టు!"

వరహాలు కూడా నవ్వింది. చాన్నాళ్ళ తరవాత.

అప్పుడు నూకరత్నం తల తిప్పి నన్ను చూసింది. మేకు మీంచి తీసి, కొంగుతో నా మొహం తుడిచి, వరహాలు చేతిలో పెట్టింది. "పో. దీపం వెయ్. ఆ గుడ్డ తీసి పారెయ్. నేను గుమ్మంలోనే ఉంటాను, పెద్దపులి వచ్చినా రానివ్వను."

తలుపు మూసుకుంది. వరహాలు చాలాసేపు నన్ను గుండెకి ఆనించుకుని నిలబడింది. గుండె దడదడా కొట్టుకోవడం పిడిలోంచి నాకు తెలిసింది. రాణివేషం కట్టే తాతబాబు కూడా తెర తీసేముందు ఇంత భయపడలేదు. తరవాత పీట మీద కూర్చుంది. నన్ను కిందకి పట్టుకుంది. కళ్ళు తెరిచింది.

నేనూ చూశాను. ఎన్ని మొహాలు చూసి ఉంటాను! అయినా ఆ రోజు నా గాజు చల్లబడిపోయినట్టయింది. అది కూడా ఒక మొహమే. కొంత మేర చర్మం ఉల్లిపొరలా పలచబడి, తెల్లగా, ముడతలు పడి ఉంది. గోటి గీతలు ఎర్రగా ఉన్నాయి, వేపాకు నీళ్ళు తగిలినచోట కమిలి ఉంది. ఆ తెలుపు పక్కనే ఏ రోగమూ అంటని చర్మం మెత్తగా, తన మానాన తను ఉంది. ఏభై ఏళ్ళు చీకట్లో, తడిగుడ్డ కింద, ఒక్కసారైనా ఎవరి పలకరింపూ లేకుండా ఉండిపోయిన మొహం. ఆ తలుపులోంచే కదా ఒక మనిషి మొత్తంగా, ఊపిరితో, గోళ్ళతో, ఏడుపుతో బయటికొచ్చింది! గుడి కట్టడానికి తరాలు పడుతుంది. ఇక్కడ ఒక గడప అంతటి పని చేసి, చప్పుడు చెయ్యకుండా మూసుకుంది. నాలాంటి గాజుముక్కకి అంతకంటే పెద్దది చూసే రాత ఎక్కడ ఉంటుంది?

వరహాలు నన్ను ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది.

"కనిపించినాదా?" బయటినుంచి నూకరత్నం.

"కనిపించింది వదినా."

"ఎలా ఉన్నాది?"

వరహాలు వంగి మరోసారి చూసింది. "పాపం వదినా."

అంతే అంది. తన గురించి కాదు, దాని గురించి. వేలి కొస మీద మందు పెట్టుకుని, ఈసారి చూస్తూ, తెల్లగా ఉన్నచోటే, నిద్రపోతున్న బిడ్డని తడిమినంత నెమ్మదిగా రాసింది.

బయటికొచ్చి నేరుగా లోవ దగ్గరికి వెళ్ళింది. గదిలో ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలియదు. నేను ఇంకా తన చేతిలోనే ఉన్నాను కానీ, కొంగు మడతల్లో బోర్లా ఉన్నాను, మాటలు సరిగ్గా వినపడలేదు. లోవ గొంతు మాత్రం విన్నాను. "అంత బాధ పడుతూ నాకు వేడినీళ్ళు కాచావా? నేను నిన్ను అన్నేసి మాటలంటే పడ్డావా? అమ్మా, నీకు బుద్ధి లేదే!" తిట్టో ఏడుపో తెలియలేదు. రెండూ కావచ్చు.

కన్నంనాయుడికి ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో నాకు తెలియదు. పొద్దున్నే వచ్చాడు. గోడకున్న మేకు పీకి, స్నానాలగది లోపల వరహాలు చేతికందేంత ఎత్తులో కొట్టాడు. నన్ను అక్కడ తగిలించాడు. గుడ్డిగా వెలిగే పాత బల్బు తీసేసి పెద్ద బల్బు పెట్టాడు. వెలిగించి చూసి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన గడ్డం అద్దం లేకుండా గీసుకున్నాడు. చెంప మీద రెండు చోట్ల తెగింది.

రోగం పోలేదు, చెబుతున్నాను. ఆ తెలుపు ఇప్పటికీ ఉంది. కొన్నాళ్ళు సద్దుమణుగుతుంది, కొన్నాళ్ళు అలిగి మంట పెడుతుంది. వరహాలు నన్ను మేకు మీంచి తీసి దాన్ని పలకరిస్తూ ఉంటుంది. నాయుడి పక్కకి మళ్ళీ చాప చేరింది. మిగతాది వాళ్ళ సంగతి. అద్దాన్నయినా నాకూ మర్యాద తెలుసు.

కానీ మేకు మారిన ఆ పొద్దుటి సంగతి చెప్పి ముగిస్తాను. స్నానాలగది తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం ముందు పీట వేశారు. వరహాలు పీట మీద మెత్తటి నూలుగుడ్డ మడిచి వేసుకుని కూర్చుంది. చీర మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు బారజాపింది. లోవ బిడ్డని తెచ్చి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. పసిదానికి తెలియని చోటు కదా, కెవ్వుమనబోయి, అమ్మమ్మ ఒంటి వెచ్చదనం తగలగానే పెదవి విరుపు మధ్యలోనే ఆపేసింది.

వరహాలు చెంబు ఎత్తింది కానీ పొయ్యలేదు. బిడ్డ వీపు మీద తన చెయ్యి పెట్టి, అది అక్కడ ఉండగలదని నమ్మకం కుదరనట్టు చూస్తూ ఉండిపోయింది.

"పొయ్యవే, నీళ్ళు సల్లారిపోతన్నాయి" అంది నూకరత్నం.

అంతలో బిడ్డే ముందు పోసింది. వెచ్చగా, వరహాలు మోకాళ్ళ మధ్యనుంచి ధారగా. నూకరత్నం చప్పట్లు కొట్టి నవ్వింది, లోవ నవ్వుతూ తుండు అడ్డం పెట్టుకుంది. వరహాలుకి మంట ఇంకా ఉంది కదా, పీట మీద కాస్త పక్కకి సర్దుకుంది. బిడ్డ జారకుండా కాళ్ళు దగ్గరికి చేర్చి, మొదటి చెంబు పోసింది.