తాళం వేసిన ప్రశ్న

తిరుపాల్‌కు లోకంలో ఉన్న చిరాకులన్నీ ఒక ఎత్తు, అడిగిందే మళ్లీ అడిగేవాళ్లు ఒక్కరే ఒక ఎత్తు. ఇంట్లో భార్య "అన్నం తింటావా" అని రెండోసారి అడిగినా మొహం గంటు పెట్టుకునే మనిషి. అలాంటివాణ్ని తీసుకొచ్చి పత్తి రైతుల చర్చావేదికకు మోడరేటర్‌ని చేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా.

ఆ వేదిక పేరు పత్తిమాట. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, కోడుమూరు వైపు పత్తి వేసేవాళ్లు ఫోన్లలో చూసుకునే వెబ్‌సైటు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా అక్కడ ఒక టాపిక్ తెరిచి రాస్తారు, తెలిసినవాళ్లు దాని కింద జవాబిస్తారు. తిరుపాల్ ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో గుమస్తా. దసరా దాటి పత్తి దిగేదాకా మిల్లులో ఈగలు తోలుకోవడమే పని కాబట్టి, ఆ ఖాళీ నెలల్లో పత్తిమాటను భుజాన వేసుకున్నాడు.

అతనిలో ఒక గొప్ప గుణం ఉంది, కాదనకూడదు. పత్తిమాటలో మొదటినుంచీ వచ్చిన టాపిక్కులన్నీ అతనికి నోటికొచ్చు. ఫలానా తెగులు గురించి ఎవరు, ఏ ఊరినుంచి, ఏ ఏడు అడిగారో ఠక్కున చెప్పగలడు. అందుకే కొత్త ప్రశ్న కనపడగానే పాతది గుర్తొచ్చేది. పాతది గుర్తొచ్చిందంటే కొత్తదానికి తాళం పడేది. "ఇది పాత ప్రశ్న. ఈ లింకు చూడండి" అని ఒక ముక్క రాసి మూసేసేవాడు. మూశాక ఇక దాని కింద ఎవరూ ఏమీ రాయడానికి వీలుండదు.

భాద్రపదం వచ్చేసరికి చేలల్లో ఆకుముడత మొదలైంది. దాంతోపాటే ప్రశ్నలూ మొదలయ్యాయి. "ముడతకు మందు", "పత్తి ముడతకు ఏం కొట్టల్ల", ఇంకొకాయనైతే ఉత్త "అన్నా ముడత" అని రాసి ఊరుకున్నాడు. తిరుపాల్‌కు పిచ్చెత్తిపోయింది. వెతుక్కోమని పైన అంత పెద్ద డబ్బా పెట్టారు కదా, దాంట్లో రెండు అక్షరాలు కొట్టడానికి వీళ్లకు చేతులు పడిపోయాయా అని మిల్లు వాచ్‌మన్ దగ్గర కూడా తిట్టుకునేవాడు. వాచ్‌మన్‌కు పత్తిమాట అంటే ఏమిటో తెలియదు. అయినా తల ఊపేవాడు.

ఆ ఊపులోనే ఒక సాయంత్రం, ఆలూరు వైపు పల్లెనుంచి మల్లేశ్వరి అనే ఆమె పెట్టిన టాపిక్కుకు తాళం వేశాడు. "పత్తాకు ముడుసుకపోతాంది. ఒకసారి మందు కొట్టినా తగ్గలే. ఏం కొట్టల్ల?" అని రాసి, కింద ఒక ఫొటో పెట్టింది. తిరుపాల్ ఫొటో తెరవలేదు. ముడత గురించి పోయినేడు నడిచిన పెద్ద టాపిక్కు లింకు ఇచ్చి మూసేశాడు. కాసేపటికి ఆమె నుంచి అతనికి విడిగా మెసేజ్ వచ్చింది. "సరే అన్నా. లింకు సూసినా. రేపు సాయంత్రం గాలి తగ్గినాంక సేనంతా ఆ మందే కొడతా. ఇంగేమన్నా ఉంటే ఈ నంబరుకు సెయ్యన్నా." మనం పద్ధతిగా ఉంటే జనం కూడా ఎంత పద్ధతిగా వింటారో అని తిరుపాల్ లోలోపల పొంగిపోయాడు.

తెల్లారి చూస్తే ఆ టాపిక్కుకు తాళం లేదు. తీసింది కౌసర్.

కౌసర్ ఎమ్మిగనూరులో బట్టలు కుడుతుంది. బస్టాండుకు దగ్గర్లో చిన్న టైలర్ షాపు. తమ్ముడితో కలిసి ఉన్న కాస్త పొలంలో పత్తి కూడా వేస్తుంది. పత్తిమాటలో అందరికన్నా పాత మోడరేటర్ ఆమే. తిరుపాల్ ఆమెతో ఫోన్లో మాట్లాడటమే తప్ప ఎదురుగా చూసింది లేదు. తను వేసిన తాళాన్ని తనకు మాటమాత్రం చెప్పకుండా తీసేస్తే ఇక తనెందుకు ఉన్నట్టు? ఇలాంటివి ఫోన్లో తేలవు, మొహమ్మీదే అడగాలని మధ్యాహ్నం బస్సెక్కాడు. మళ్లీ మళ్లీ అడిగే టాపిక్కులను అప్పటికప్పుడే మూసేయాలని, అయినా మానకుండా పెట్టేవాళ్లను బయటికి పంపాలని ఒక నియమం పెట్టించి తీరాలనుకున్నాడు. ఎమ్మిగనూరు వచ్చేదాకా ఆ మాటలే మనసులో వల్లె వేసుకున్నాడు.

అతను వెళ్లేసరికి కౌసర్ జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. నలభై ఐదు దాటిన మనిషి, కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది.

"రాప్పా తిరుపాల్. ఫొటోలో కన్నా పొడుగుండావే," అని స్టూలు చూపించి, ఎదురు హోటలుకు టీ చెప్పింది.

కొట్లాటకు వచ్చినవాడికి టీ ఇవ్వడం అన్యాయం. చేతిలో గ్లాసు పెట్టుకుని గొంతు పెంచడం ఎవరి వల్లా కాదు. అందుకే తిరుపాల్ టీ రాకముందే మొదలుపెట్టాడు.

"అక్కా, నేను మూసిందాన్ని నువ్వెట్ల తెరుస్తావు? అందరూ అదే అడుగుతాండారు. అన్నీ వదిలేస్తే జవాబులు తలా ఒకసోట పడిపోతాయి. రైతుకు ఏది నమ్మల్లో తెలీకుండా పోతాది. నేను సెప్పేదాంట్లో తప్పేముంది?"

"తప్పేం లేదప్పా. నిజమే సెప్తాండావు," అంది కౌసర్. "సెల్లాసెదురైతే ఎవరికీ పనికిరాదు. నేను గూడా కలిపేస్తా. ఇప్పుడే ఒకటి వచ్చింది, సూడు."

కోసిగి వైపు నుంచి ఎవరో, గులాబీ పురుగును పట్టే ఎర బుట్టలు చేలో ఎప్పుడు కట్టాలని అడిగాడు. ఆ వారంలో అది మూడో నాలుగో సారి. తిరుపాల్ అయితే ఈపాటికి మూసేసి ఉండేవాడు. కౌసర్ కత్తెర పక్కన పెట్టి, పాత టాపిక్కులో ఉన్న జవాబు సారాన్ని ముందు ఆ మనిషి టాపిక్కులోనే రెండు వాక్యాల్లో రాసింది. తర్వాత లింకు ఇచ్చింది. ఆ కింద, "దీంట్లో లేనిది మీ సేన్లో ఏమన్నా ఉంటే రాయండి" అని అడిగి, మళ్లీ కత్తెర తీసుకుంది. టీ వచ్చింది. జాకెట్టుకు ఒక చెయ్యి కత్తిరించడం అయ్యేలోపు ఆ మనిషి నుంచి, "లేదక్కా, ఇదే నాక్కావల్సింది" అని జవాబు వచ్చింది.

అప్పుడు కలిపింది. ఈలోపు ఇంకో రైతు ఎవరో అక్కడ ఒక మంచి మాట రాశాడు. దాన్ని పారేయకుండా అతని పేరుతో సహా తీసుకెళ్లి పెద్ద టాపిక్కులో చేర్చింది. కోసిగి మనిషి తన టాపిక్కుకు పెట్టిన పేరు మాత్రం తీసేయలేదు. ఆ పేరు నొక్కితే పెద్ద టాపిక్కుకు తీసుకుపోయేలా ఉంచింది.

"పేరెందుకక్కా ఉంచేది? తీసేస్తే పోలేదా?"

"ఆయప్ప అడిగినట్లే రేపు ఇంగొకాయప్ప వెతుకుతాడు. మనం పెట్టిన పేర్లు వాళ్లకేం తెలుసు?"

తిరుపాల్ టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తను ఇన్ని నెలలుగా వాకిలి ఊడుస్తున్నాననుకున్నాడు. ఈమె ఊడుస్తూనే వచ్చినవాళ్లకు చాప వేసి కూర్చోబెడుతోంది. పాతదనే మాట ఎక్కడా అనలేదు. వెతకలేదేమని దెప్పలేదు. అడిగిన మనిషి తప్పు చేసినట్టు ఒక్క క్షణం కూడా అనిపించలేదు, పని మాత్రం శుభ్రంగా అయిపోయింది. అతనికి నిజంగా ముచ్చటేసింది. ఆ ముచ్చటను ఒప్పుకోవడానికి ఇంకా మనసు రాలేదు.

"అది సరే. ఆ ఆలూరు దిక్కు ఆమెది ఎందుకు తెరిచినావు? అది ముడతే కదా?"

"నాకు తెలీదప్పా. తెలీకనే తెరిచినా. ఒకసారి కొట్టినా తగ్గలే అని రాసింది. ఎందుకు తగ్గలేదో అడిగినా, ఇంగా పలకలే. ఆ ఫొటో గూడా నాకు ఎట్లనో ఉంది. నీకైతే పాతవన్నీ గ్యాపకం ఉంటాయి. నువ్వు సూడు."

తిరుపాల్ అప్పుడు మొదటిసారి ఆ ఫొటో తెరిచాడు. వేళ్లతో లాగి పెద్దది చేశాడు. పురుగు పట్టిన ముడతైతే ఆకు అంచులు వంగి దొప్పలా అవుతుంది. ఇక్కడ ఆకుకు వెడల్పే లేదు. ఈనె ఈనెకూ చీలి, సన్నగా సాగి, బెండాకులా తయారైంది. ఇలాంటిది ఎక్కడో చూశాడు. కోడుమూరు లక్ష్మప్ప రెండేళ్ల కిందట పెట్టిన టాపిక్కు. పక్క జొన్నచేలో కొట్టిన కలుపుమందు గాలికి కొట్టుకొచ్చి ఆయన పత్తి మీద పడింది. అచ్చం ఇదే ఆకు.

"అక్కా," అన్నాడు. "ఇది పురుగు కాదు. కలుపుమందు తగిలిన ఆకు ఇది."

"కలుపుమందు పత్తిలో ఎందుకు కొడతాదప్పా?"

"కొట్టలే. మందు కొట్టే మిషన్లో ముందే ఉండింటాది."

అన్నాక గానీ అతనికి నిన్నటి మెసేజ్ గుర్తు రాలేదు. రేపు సాయంత్రం సేనంతా కొడతా. ఆ రేపు ఇవాళే. ఆ మిషన్‌తోనే చేనంతా కొడితే బాగున్న పత్తి కూడా ఇలాగే అయిపోతుంది. వానను నమ్ముకుని వేసిన చేను, మళ్లీ విత్తుకుందామన్నా అదను దాటిపోయింది. ఆమెకు ఈ ఏడు ఇక పంట ఉండదు. కొట్టమని చెప్పింది తనే.

"నంబరుంది, నువ్వు సెయ్యక్కా," అని ఫోను ఆమె వైపు చాపాడు.

కౌసర్ తీసుకోలేదు. "నువ్వే సెయ్యప్పా. నువ్వు సెప్తేనే కొడతాండాది, నువ్వు సెప్తేనే ఆపుతాది," అంది. ఎత్తిపొడిచినట్టు అనలేదు, ఉన్నమాట అన్నట్టే అంది.

తిరుపాల్ బయటికి వచ్చి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. షాపు ముందు ఎండకు కట్టిన పట్టా మధ్యాహ్నమంతా టపటపా కొట్టుకుంది, ఇప్పుడు కదలడం లేదు. గాలి తగ్గింది. ఇంకోసారి చేశాడు.

"ఎవరప్పా?"

"మల్లేశ్వరక్కా, నేను ఆదోని తిరుపాల్‌ని. పత్తిమాట. నిన్న నీ ప్రశ్న మూసినోడిని. మందు కొట్టినావా?"

"ఇప్పుడే మిషన్లో నీళ్లు పోస్తాండా అన్నా. ఇంగ వీపుకు ఎత్తుకునేదే."

"ఎత్తుకోవద్దు. ఆ మిషన్ ఎవరిది? దాంట్లో ముందు ఏం కొట్టినారు?"

"మా ఎల్లప్ప మామది. ఎప్పుడూ ఆయప్పదే తెచ్చుకుంటాము." అంతలోనే ఆమె నిదానించింది. "మొన్న నేను తెచ్చుకునేముందు జొన్నసేన్లో కొట్టుకున్యాడు. కలుపుకు."

మిగతాది ఆమె చెప్పుకొచ్చింది. ఆ ఊళ్లో మందు కొట్టే మిషన్ ఎవరిదైనా అందరిదీ. ఇచ్చేవాళ్లు అడుగున మిగిలిన మందును పారబోయరు. తీసుకునేవాళ్లకు ఆ కాస్తా కలిసొస్తుందని అలాగే ఉంచి ఇస్తారు. ఒంటిచేత్తో సేద్యం చేసుకునే మల్లేశ్వరికైతే ఎల్లప్ప ఇంకో రెండు గ్లాసులు ఎక్కువే ఉంచేవాడు. ఇది ఏం మందని అడిగితే, ప్రేమగా ఇచ్చినవాణ్ని అనుమానించినట్టు ఉంటుంది. అందుకని ఎవరూ అడగరు. ఇన్నేళ్లూ దాంట్లో పత్తిమందే ఉండేది.

"సేనంతా పోయిందా అక్కా?"

"లేదన్నా. ఆ పొద్దు రోడ్డు పక్క కొంచిం ముడత కనపడితే మొదలుపెడితి, మబ్బు పట్టిందని ఆ సాళ్లు మాత్రం కొట్టి వచ్చేసినా. అవే అట్లయినాయి. మిగిలిందంతా పచ్చగుంది. దానికీ ముడత రాకముందే కొట్టల్లని ఇప్పుడు వచ్చినా."

తిరుపాల్ కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. "ఆ మిషన్ ముట్టుకోవద్దు. ఏం కొట్టద్దు. పాడైన సాళ్లు గూడా పెరకద్దు, కొత్త చిగురు ఎట్ల వస్తాదో సూద్దాం. రేపు వ్యవసాయాఫీసరుకు ఆకు సూపించు. కౌసరక్క నీ టాపిక్ మళ్లీ తెరిచింది, దాంట్లో నిన్నొక మాట అడిగింది గూడా."

"తెరిచినారా? తెల్లారినప్పటినుంచి ఫోనే సూడలే. నిన్న మీరు మూసినాంక నాకు అనుమానం వచ్చిండె అన్నా. నేను కొట్టిన కాడనే ముడుసుకున్యాయి, కొట్టని కాడ ఏం కాలేదే అని. అది రాద్దామని తీస్తే తాళముండె. ఇంగోటి పెడదామనుకుంటి. అది గూడా పాతదే అంటారేమో అని సిగ్గయి ఊరుకున్యా."

తిరుపాల్ షాపులోకి చూశాడు. కౌసర్ కుట్టు మిషన్ ముందు వంగి సూదిలో దారం ఎక్కిస్తోంది. ఏ చదువూ, ఏ తెలివీ ప్రదర్శించకుండా, తెలియదు కాబట్టి తెరిచానంది. ఒక పంటను కాపాడింది ఆ ఒక్క మాటే. ఇంత మంచి మనిషితో కొట్లాడటానికి బస్సెక్కి వచ్చాడు తను. పత్తిమాటలో రాసినవన్నీ అతనికి నోటికొచ్చు. సిగ్గుపడి రాయకుండా ఊరుకున్నవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో అతనికెలా తెలుస్తుంది?

"అన్నా, ఉండావా?" అంది మల్లేశ్వరి. "తెరిచినారంటివి కదా. అయితే ఇప్పుడు రాయచ్చా నేను?"

తన పంట గురించి రెండు మాటలు రాసుకోవడానికి ఆమె తిరుపాల్ అనుమతి అడుగుతోంది.

"రాయక్కా," అన్నాడు. "ఎన్నిసార్లైనా రాయి."