తుంటియెముకలోని రంధ్రము

గ్రీష్మాంతమున ప్రాణహితాతీరమందలి యెఱ్ఱమట్టి దిబ్బలు మధ్యాహ్నమార్తాండ చండకిరణములకు నెఱ్ఱెలువాఱి తొలకరి చినుకునకై నోరు తెఱచికొని యుండెను. ఇరువదిమూడు కోట్ల సంవత్సరములకు మున్ను వెల్లువల బురదయై జంతుకళేబరములను గర్భమున దాచికొన్న మట్టియే యది. ఆ దిబ్బల చేరువనున్న రేకుల కొట్టమున శిలాజపరిశోధకురాలగు హైమవతి యిసుకసంచిపై నొక తుంటియెముకను నిలిపి సన్నని సూదితో దాని మట్టి గీకుచుండెను.

డైనోసారనగానే కొండంత కాయమును దలచుట లోకుల యలవాటు. తొలినాటి డైనోసారులలో పెక్కులు వేటకుక్క పాటివే. బోలుటెముకల తేలికమేనితో నిడుదతోక సమతూకమున వెనుకకాళ్లపై బరుగిడుచు సన్నని కత్తులవంటి పండ్లతో చిఱుజంతువుల గబళించి యవి బ్రదికెను. బల్లి తొడలను బ్రక్కలకు జాచి ప్రాకునుగదా, యవి మాత్రము కాళ్లను మేనిక్రింద నిట్టనిలువుగ నిలుపుకొనెను. తొడయెముక కూర్చుండు తుంటిగుంట యడుగున రంధ్రముండుట యా నిలుకడకు గుఱుతు. మొసళ్ల పూర్వబంధువులందో యా యడుగు సామాన్యముగ నెముకతో మూసికొనియుండును. పదేండ్లుగా హైమవతి డైనోసారని నమ్మి ప్రాణములు పెట్టుకొన్న జంతువు తుంటి యదియే. నాటి సాయంకాలమే శాస్త్రజ్ఞులగు పెద్దల సభలో దానికామె పేరిడవలసి యుండెను.

సూది కొసకు నెఱ్ఱని పెల్ల యొకటి రాలి గుంట యడుగునుండి వెలుతురు తొంగిచూచెను. హైమవతి సూదిని ప్రక్కనుంచెను.

“పడ్డది మేడం, తొర్ర పడ్డది!” అని త్రవ్వకముల మేస్త్రీ పోచమల్లు కేకవైచెను. “పదేండ్ల కష్టం గట్టెక్కింది. పోయి పెద్దసారుకు చెప్పొస్త.”

“ఆగు పోచమల్లూ.”

ఆమె భూతద్దమున రంధ్రపుటంచును బరికించెను. సహజరంధ్రమునకు నునుపుదేరిన యంచుండవలెను. ఇది యప్పుడే విఱిగినట్లు వాడిగానుండెను. రాలిన పెల్లను దిరుగవేసి చూడ దానియందు తేనెపట్టువంటి యెముకగుల్ల కానవచ్చెను. ఎముకయు మట్టియు నొక్కరంగున నెఱ్ఱబాఱియుండుటచే నామె యెముకనే మట్టియని గీకివైచెను.

“ఇది మట్టి గాదు. గుంట మూసుకునే ఉండె. తొర్ర పెట్టింది నా సూది.”

పోచమల్లు ముఖము వాడిపోయెను. “ఎవరు జూస్తరు మేడం? ఆ పెల్లను దుమ్ముల కలిపేద్దం. ఇంకో తుంటి దొరకనే లేదాయె.”

అతడు చెప్పినది నిజమే. హైమవతికి దుఃఖము పొర్లివచ్చెను. చేతికందినది నోటికందలేదని యామె యేడ్చెను. ఆ పెల్లను బాఱవైచుట యెంతసేపు? సూది గుఱుతును నునుపుచేయుటయు నామె కెఱుకయే.

“మన ఆశ కోసం దాని నడకనే మారుస్తమా?” అని తుదకామె కన్నులు తుడిచికొని జిగురుకుంచె నందుకొనెను.

పోచమల్లు పట్టుకారుతో పెల్లను గుంటయడుగున నిలిపెను. అతుకు గట్టిపడుదాక వారిరువురును కదలకుండిరి.

లోకమున సత్యమును గనుగొనుట కష్టమందురు. తనకు గిట్టని సత్యమును మఱల దాని చోట నతికియుంచుట యంతకంటె కష్టము. సాయంకాలసభలో హైమవతి యెముకను పెద్దలయెదుట నుంచి “ఇది డైనోసార్ కాదు” అని పలికెను.