మరియా వంతు

పళ్ళేలకి అంటుకున్న జున్ను ఎండిపోయిందంటే వేడినీళ్ళకి కూడా లొంగదు. శనివారం రాత్రి భోజనం పిజ్జా కాబట్టి ఆ రోజు ఇక్కడ అందరికీ పండగే, ఒక్క మరియాకి తప్ప. అంటార్కిటికాలో మా అర్జెంటీనా వాళ్ళ స్థావరంలో గిన్నెలు తోమి వంటగది కడిగే వంతు ఎవరిదైతే ఆ రోజుకి వాళ్ళే మరియా. గడ్డం పెంచిన మెకానిక్ అయినా, పెద్ద అధికారి మేజర్ కిరోగా అయినా సరే, ఏప్రన్ కట్టుకుంటే మరియానే. మిగతావాళ్ళు గొంతు సన్నం చేసి "మరియా, కాఫీ ఏదే?" అని ఆట పట్టిస్తారు. ఆడపేరు పెట్టకుండా ఆ పని చెయ్యలేకపోయారు కాబోలు అని మొదటి రోజే అనుకున్నాను. పైకి మాత్రం వాళ్ళతోపాటు నవ్వాను.

నేను బాందోనియోన్ వాయిస్తాను. మోకాళ్ళ మీద పెట్టుకుని, తిత్తి సాగదీస్తూ వాయించే పెట్టె అది. ఈ వేసవంతా ఇక్కడుండి ఒక కొత్త బాణీ కట్టి, వెళ్ళేముందు వీళ్ళకి వినిపించాలి. కళాకారుల పథకం కింద నన్ను పంపించింది అందుకే. వచ్చిన కొత్తలో మెకానిక్ కికే నడుం పట్టేసిందంటే అతని వంతు నేను చేశాను. తర్వాత రేడియో చూసే సోతోకి ఏదో అర్జెంటు పని. ఆ తర్వాత మేజర్‌గారికి మీటింగు. "నొయేలియా ఉండగా మనకేం లోటు" అని వాళ్ళంటుంటే నాకు సంతోషంగా కూడా ఉండేది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

రొసారియోలో మా ఇంట్లో నా సాధన బట్టలుతికే గదిలో. అత్తగారు ఒఫేలియాకి మధ్యాహ్నం నిద్ర పాడవకూడదు. "వాషింగ్ మిషన్ వేసుకుని వాయించుకో నొయె, ఎలాగూ చప్పుడేగా, దాన్లో కలిసిపోతుంది" అన్నాడు మా ఆయన హెర్నాన్. చెడ్డవాడు కాదు, నవ్వుతూనే అన్నాడు. బయలుదేరేటప్పుడూ నవ్వుతూనే "పెంగ్విన్లకి కచేరీయా? పాపం, పారిపోవడానికి వాటికి దారి కూడా లేదు" అన్నాడు. ఇక్కడికి ఫోన్ చేసినప్పుడల్లా "ఏమన్నా కట్టావా, లేక షికారేనా?" అంటాడు. అవుతోంది అని అబద్ధం చెబుతూ వచ్చాను. ఒక్క ముక్క కూడా కాలేదు. తోమిన గిన్నె తళతళమంటుంది, ఇదీ ఒక పనేనా అని దాన్ని చూసి ఎవరూ అడగరు. పెట్టె తెరిచి కూర్చుంటే మాత్రం ఇంకెవరి సమయమో దొంగిలిస్తున్నట్టుండేది. వాయించొద్దని ఇక్కడ నాకెవరూ చెప్పలేదు. అత్తగారినీ మొగుడినీ నేనే వెంట మోసుకొచ్చాను.

వాతావరణం మారుతోందని విమానం వచ్చే రోజుని ముందుకు జరిపారు. రేపే ప్రయాణం, కాబట్టి ఈ సాయంత్రమే కచేరీ అని మేజర్‌గారు మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రకటించారు. చేతిలో బాణీ లేదు, అలవాటుగా వంటగదిలోకి పరిగెత్తాను. అక్కడ అయ్‌లెన్ గిన్నెలు తోముతోంది. ఈ స్థావరంలో నేను కాక ఉన్న ఆడపిల్ల ఈమె ఒక్కతే. సముద్రపు నాచు మీద పరిశోధన చేస్తుంది, చలికాలమంతా ఇక్కడే ఉంటుంది.

"ఇవాళ సోతో వంతు కదా?" అన్నాను.

"నన్ను చెయ్యమన్నాడు. కుదరదన్నాను. నొయేలియా ఎప్పుడైనా కాదందా, నీకేం పోయేకాలం అన్నాడు." ఆమె నా వైపు తిరగలేదు. "మీరు రాకముందు ఎవడి వంతు వాడే చేసుకునేవాడండీ. రేపు మీరు విమానం ఎక్కుతారు. ఇది మాత్రం నాకు అంటగట్టి పోతున్నారు."

తల తిప్పుకుందామన్నా ఎటు చూసినా నేను తోమిన గిన్నెలే. ఈ పిల్ల నాచు సీసాలు పరిశోధన గదిలో ఎదురుచూస్తున్నాయి, తనేమో నా మంచితనం వల్ల ఇక్కడ చాకిరీ చేస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం పిజ్జాలు తిని, మాతే టీ తాగుతూ అందరూ కుర్చీలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను.

"నేను కొత్త బాణీ ఏమీ కట్టలేదు" అన్నాను. "మీ గిన్నెలు తోముతూ కూర్చున్నాను. తప్పు నాదే, మీరు అడిగారు, నేను చేశాను. ఇప్పుడు మరియా ఎవరు?"

కికే నేల చూపులు చూశాడు. సోతో నవ్వాడు. "నేనే లెండి. ముందు మీరు కానివ్వండి, గిన్నెలెక్కడికి పోతాయి?"

"నువ్వు కడిగి రా. ఆగుతాను."

"అంతసేపా?"

"నాకేం తొందర లేదు. విమానం రేపు కదా."

సోతో మేజర్‌గారి వైపు చూశాడు. ఆయన గొంతు సవరించుకుని "వెళ్ళవయ్యా" అన్నారు. అయ్‌లెన్ అప్పటికే సగం లేచింది, సాయం చేద్దామని. "నువ్వు కూర్చో" అన్నాను. కూర్చుంది.

వంటగదిలో కుళాయి తిప్పిన చప్పుడు, పళ్ళేల చప్పుడు, ఎండిన జున్నుని గీకుతూ సోతో తిట్టుకోవడం. అందరం వింటూ కూర్చున్నాం. నా మొహం ఇంకా మండుతూనే ఉంది, ఏం వాయిస్తానో నాకే తెలియదు. ఇన్నేళ్ళూ అలాంటి చప్పుడు మాటున దాక్కుని వాయించాను. కుళాయి ఆగేదాకా ఆగి, అప్పుడు తిత్తి సాగదీశాను.