గుటక

హోటల్లో అందరూ నన్ను ఎక్స్‌రే అంటారు. మధ్యాహ్నం టీ వేళకి పై హాల్లో బల్లబల్లకీ తిరిగి, కూర్చున్నవాళ్ల మనసులో ఉన్నది చెప్పడం నా ఉద్యోగం. చెప్పడమంటే, చెప్పినట్టు నటించడం. చిన్న కాగితం ఇచ్చి, మీకు బాగా కావలసిన మనిషి పేరు రాసి మడత పెట్టండి అంటాను. ఆ మడతని వాళ్ల కళ్లముందే ముక్కలుముక్కలుగా చించి సాసర్లో పోస్తాను. పేరున్న నడిమి ముక్క మాత్రం నా వేళ్ల సందునే ఉండిపోతుంది. చేతిరుమాలు తీసే నెపంతో దాన్ని చూసేసి కోటు లోపలి చిన్న జేబులోకి తోసేస్తాను. ఇంతే విద్య. దీనికి ఏ దేవుడూ దిగి రానక్కర్లేదు.

అయితే పేరు టక్కున చెప్పేస్తే జనం చప్పట్లు కొట్టి మళ్లీ టీ కప్పులో తల దూరుస్తారు. కాస్త నాన్చాలి. "ఈ మనిషితో మీరొక మాట చెప్పాలనుకుని చెప్పలేకపోయారు" అంటాను. అలాంటి మాట లేనివాళ్లు ఎవరున్నారు గనక! తర్వాత "ఆవిడ ఉన్నారు..." అని ఆగుతాను. "లేరు..." అని మళ్లీ ఆగుతాను. నా చూపంతా గొంతు మీదే. తగలవలసిన మాట తగలగానే గుటక పడుతుంది. నోరు సరే, పుట్టినప్పటి నుంచీ అబద్ధాలకి అలవాటు పడ్డదే. కళ్లు కూడా కొన్నాళ్లకి నేర్చుకుంటాయి. గుటక మాత్రం ఎవరి మాటా వినదు. దాన్ని పట్టుకుని మిగతా కథంతా అల్లేస్తాను. వాళ్లు ఏడుస్తారు. ఏడిపించినందుకు నా చెయ్యి పట్టుకుని వదలరు కూడా.

ఇదే హోటల్ సెల్లార్లో మా వదిన ఇస్త్రీ చేస్తుంది. కిటికీ లేని గది. గోడల నిండా ఆవిరి చెమ్మ, మూలన దుప్పట్ల గుట్టలు. మా అన్నయ్య లిఫ్టులు బాగుచేసేవాడు. ఒకరోజు పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు, చేరవలసిన లిఫ్టు దగ్గరకి చేరలేదు. మేము వెతకని ఆసుపత్రి లేదు, ఎక్కని పోలీసు స్టేషన్ మెట్టు లేదు. ఏళ్లు గడిచిపోయాయి. వదిన మాత్రం సెలవు రోజు వచ్చిందంటే బీరువాలోంచి అన్నయ్య చొక్కాలన్నీ తీసి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ తగిలిస్తుంది. "వచ్చేసరికి ముక్కిపోయిన వాసన వేస్తే నన్ను బతకనిస్తాడా?" అంటుంది. "అవును వదినా, వస్తూనే చొక్కా అడుగుతాడు" అంటాను నేను. మా ఇల్లు ఆ రెండు మాటల మీదే నిలబడి ఉంది.

ఒకరోజు పై హాల్లో ఒక ముసలావిడకి, నీళ్లలో పడి చనిపోయిన తన చెల్లెలి ముద్దుపేరు చెప్పాను. నీళ్ల సంగతి కూడా చెప్పాను. టీలు మోసే కుర్రాళ్లు ఆ కబురుకి ఉప్పూ కారం దట్టించి సెల్లార్ దాకా మోశారు. ఆట ముగించి కోటు ఇవ్వడానికి కిందకి దిగేసరికి వదిన తలుపు దగ్గరగా వేసి, ఇస్త్రీ బల్ల మీద మడత పెట్టిన కాగితం ఉంచింది.

"చించు" అంది.

"ఏంటి వదినా ఇది?"

"ఊరందరికీ చెప్తావుగా. నాకూ చెప్పు. మీ అన్నయ్య ఉన్నాడా, లేడా?"

"నీకు మతి పోయిందా? ఈ కోటుకి దొంగజేబు కుట్టిందే నువ్వు! అది దేనికో నీకు తెలీదా?"

"జేబు కుట్టింది నేనే. చెల్లెలు ఎట్లా పోయిందో కూడా ఆ ముసలావిడ కాగితం మీద రాసిందా? అదెట్లా తెలిసింది నీకు?"

ఆ క్షణాన "ఉన్నాడు" అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. పొద్దు వాలేదాకా అబద్ధాలు అమ్ముకునేవాడికి అదొక లెక్కా? కానీ ఇంటి మనిషి దగ్గరైనా నిజాయితీగా ఉండాలనిపించింది. పోయేకాలమొస్తే బుద్ధి ఇలాగే గడ్డి తింటుంది. గుట్టంతా విప్పి చెప్పాను. నీళ్లు, నిప్పు, జబ్బు అంటూ ఒక్కొక్కటే ఊరికే అంటూ పోతాననీ, ఏ మాటకి గుటక పడితే ఆ మాటే చెప్తాననీ, ఇందులో మహిమ గిహిమ ఏమీ లేవనీ చెప్పాను.

"అంతేనా?" అంది.

"అంతే. నువ్వైనా చెయ్యగలవు. కావాలంటే నా మీదే చూడు."

వదిన ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టి నా ఎదురుగా వచ్చి నిలుచుంది.

"మధ్యాహ్నం తిన్నావా?"

"తిన్నాను."

"తినలేదు" అంది నా గొంతు వైపు చూసి. "సిగరెట్లు మానేశావా?"

"ఎప్పుడో మానేశాను."

"అబద్ధాలకోరా!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. పిచ్చి వదిలినట్టేనని సంతోషించాను కూడా.

ఆ నవ్వు మొహాన ఉండగానే, "మీ అన్నయ్య ఉన్నాడు" అంది.

నేను కదల్లేదు.

"లేడు."

నాకు గుటక పడింది.

పడిందని ఆవిడకంటే ముందు నాకే తెలిసింది. "వదినా, ఈ గది వేడికి గొంతెండిపోయింది, అంతే!" అన్నాను. పైన బల్లల దగ్గర అందరూ సరిగ్గా ఇలాగే బుకాయిస్తారు.

"అట్లాగే" అంది.

"నాకేం తెలుసు వదినా? నీకు తెలిసిందానికంటే నాకు ఒక్క ముక్క ఎక్కువ తెలీదు. ఒట్టు!"

"నీకు తెలుసని నేనన్నానా?" వదిన మళ్లీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. "రోజూ నా ఎదురుగా కూర్చుని తింటూ, వస్తాడు వదినా, వస్తాడు అంటావు కదా. ఇద్దరం ఎదురుచూస్తున్నామనుకున్నాను. నేనొక్కదాన్నేనన్నమాట."

అన్నయ్య లేడని నేను ఎవరితోనూ అనలేదు. నాతో నేను కూడా అనుకోలేదు. ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టానో, ఏ ఆసుపత్రి వరండాలో అన్నయ్యని వదిలేసి వచ్చానో నాకే తెలీదు. ఊళ్లోవాళ్ల గొంతులు చూసి బతుకుతున్నాను గాని, నాకూ ఒక గొంతు ఉందన్న సంగతి మరిచిపోయాను. వదిన ఆ కాగితాన్ని విప్పకుండానే చెత్తబుట్టలో వేసి, తర్వాతి దుప్పటి పరిచింది.

ఆ వారం సెలవు రోజున చొక్కాలు తడవలేదు. "ఉతకవా?" అని అడగబోయి ఊరుకున్నాను. వస్తాడు అన్న మాట కూడా నా నోట ఇక రాలేదు. వచ్చినా ఆవిడ నా మొహం వైపు చూసేది కాదు. ఇద్దరం పళ్లేల వైపు చూస్తూ తిని లేచాం.

తర్వాత ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా మంచం మీద అన్నయ్య నీలంగళ్ల చొక్కా ఉంది. అన్నయ్య నాకంటే జానెడు పొడుగు. చిన్నప్పుడు ఆ చొక్కాలు తొడుక్కుంటే చేతులు వేళ్లు దాటి వేలాడేవి, అన్నయ్యా వదినా పడీపడీ నవ్వేవాళ్లు.

"వేసుకో. మంచి గుడ్డ, ఊరికే పాడైపోతోంది" అంది వదిన.

వేసుకున్నాను. చేతులు మణికట్టు దగ్గర కొలిచినట్టు ఆగాయి. అంచున నా దొంగజేబుకి వేసిన సన్నటి కుట్టే ఉంది. వదిన మడత సర్ది, "సరిపోయిందా?" అని అడిగింది. "సరిపోయింది వదినా" అన్నాను. ఆవిడ నా గొంతు వైపు చూడలేదు.

బీరువా తలుపు తెరిచే ఉంది. లోపల చొక్కాలన్నీ వరసగా, ఇస్త్రీ మడత చెదరకుండా వేలాడుతున్నాయి. కుట్టుమిషన్ కింద కత్తిరించిన చేతుల ముక్కలు, తెల్లవి, గళ్లవి, చారలవి, కుప్పగా పడి ఉన్నాయి. రేపు అన్నయ్య నిజంగానే తిరిగొచ్చి తలుపు కొట్టినా, ఈ ఇంట్లో అతనికి పట్టే చొక్కా ఒక్కటి కూడా లేదు.